అయస్కాంతం పట్టని చోటు

షెడ్డు తలుపు ఆవిడ ఎత్తబోతే వద్దన్నాను.
దానికో ఒడుపుంది.
కింద ఎడమ మూల ఒక తన్ను తన్ని
అది అలిగేలోపు పైకి లాగాలి.

ఇదే బండి. అరవై ఒకటి మోడల్ రాంబ్లర్ క్లాసిక్.
నాలుగు తలుపులు, ఆరు సిలిండర్లు,
ముప్పాతిక వంతు రంగు:
నానబెట్టిన పెసల పొట్టులాంటి లేత పచ్చ.
పుట్టింది ఈ కెనోషాలోనే, ఇక్కడికి రెండు మైళ్ళు.
ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు కంచె, కంచె వెనక గడ్డి.

ఆవిడ పేరు రోవెనా. రసీన్ నుంచి వచ్చింది,
పికప్ వెనక ట్రెయిలర్ తగిలించుకుని.
అంటే కొనడానికే వచ్చింది.
ట్రెయిలర్ నేను చూడనట్టు నటించాను,
అది అక్కడ లేనట్టు ఆవిడ నటించింది.

మాట్లాడకుండా జేబులోంచి మాగ్నెట్ తీసింది.
ఫ్రిజ్ మీద అంటించే చేప బొమ్మ.
చేతిరుమాల్లో చుట్టి, గీత పడకుండా,
డాక్టరు స్టెతస్కోపు జరిపినట్టు జరుపుకుంటూ పోయింది.
ముందు తలుపు, టప్.
వెనక తలుపు, టప్.
వెనక చక్రం పైన చేప జారి కిందపడింది.

"అక్కడ పుట్టీ" అన్నాను. "నేనే పెట్టాను,
వెల్డింగు నేర్చుకోకముందు."

ఉప్పు తిన్నవాళ్ళకి విశ్వాసం ఉండాలంటారు మావాళ్ళు.
ఈ ఊళ్ళో ఉప్పే తింటుంది.
మంచు కరగాలని రోడ్ల మీద చల్లుతారు,
అది బండి కడుపు కింద చేరి
నింపాదిగా, విస్తరి ముందు కూర్చున్నట్టు.
కార్పెట్ ఎత్తి నేనే చూపించాను:
డ్రైవరు కాళ్ళ దగ్గర అరచేతంత చిల్లు,
చిల్లులోంచి సిమెంటు, సిమెంటు మీద ఒక చీమ.

గేర్లు బటన్లే. కాలింగ్ బెల్లులా నొక్కాలి.
రివర్సు మాత్రం రెండుసార్లు పిలిస్తే పలుకుతుంది.
హీటరు వేస్తే కాలిన మరమరాల వాసన.
గడియారం నాలుగూ పదికి ఆగింది, నేను రాకముందే.

ఎవరి దగ్గర కొన్నావంది.
క్లెమెన్స్ యుర్గైటిస్. మంగళ, గురు, శని
డయాలిసిస్‌కి నా కుర్చీలోనే కూర్చునేవాడు.
రక్తం మిషన్లో తిరుగుతుంటే
కార్బొరేటర్ గురించి చెప్పేవాడు, నాలుగేసి గంటలు.
ఇది ఆయన బిగించిన బండేనా అంటే
"ఆ ఏడు నేను బ్రేకుల వైపు, బ్రేకులైతే నావే" అన్నాడు.
బ్రేకులు ఇప్పుడు లేవు, అది కూడా చెప్పాను.

మూడు వేల రెండొందలన్నాను. రెండు వేలంది.
కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.
నాలో నేననుకోబోయి పైకే అనేశాను,
అర్థం చెప్పమంటే చెప్పాను.
కాసేపు చక్రం వైపు చూసి
"రెండు వేల రెండొందలు" అంది.
సామెతకి రెండొందలు గిట్టింది.

ఎందుకమ్ముతున్నావంది, చివరికి.
మోకాలు. కిందకి దూరితే
పైకి రావడానికి పక్కింటాయన్ని పిలవాల్సొస్తోంది.
ముందు సీటు వెనక్కి వాలిస్తే మంచమవుతుందని చెప్పాను.
నైట్ డ్యూటీ దిగి, మెట్లెక్కి ఇంట్లోకి పోలేని పొద్దుటిపూట
ఎన్నిసార్లు అందులో పడుకున్నానో చెప్పలేదు.
అది బండి కండిషన్ కిందకి రాదు.

టైటిల్ మీద సంతకం పెట్టాను. వించి కీచుమంది.
గాలిలేని టైర్లతో, వెనక్కి తిరగకుండా,
అసలు తిరిగే వీలే లేకుండా,
పెసరపచ్చ వెనకభాగం షెరిడన్ రోడ్డు మలుపు దాటింది.

షెడ్డులో నూనె మరక, దాని చుట్టూ నేను.
చేప బొమ్మ అలమర మీదే మర్చిపోయింది.
తలుపు పట్టాకి ఆనించాను, టప్.
పారకి, టప్.
ఎవరూ లేరని చూసుకుని
చీర కాదు గదా, ప్యాంటే, వంగి
కొత్తగా వేయించుకున్న మోకాలికి ఆనించాను.

జారి కిందపడింది.